లేని కీబోర్డుకు దరఖాస్తు

మా మావయ్య వేళ్ళు ఒక్కరోజులో పనిచేయడం మానలేదు. ముందు కుడిచేతి చిటికెన వేలు ముడుచుకుంది. తర్వాత దాని పక్క వేలు. ఏడాది తిరిగేసరికి రెండు చేతుల వేళ్ళూ అరచేతిలోకి ఒంగిపోయాయి, చలికి ముడుచుకుని పడుకున్న పిల్లికూనల్లాగా. నరాల డాక్టరు ఏవేవో పరీక్షలు చేయించి, చిన్న సుత్తితో మోచేతుల మీద కొట్టి చూసి, "ఇంతకన్నా త్వరగా పాడవకుండా చూసుకుందాం" అన్నాడు. బాగవుతుందని మాత్రం అనలేదు.

మావయ్య పని టైపు చేయడం. పాత జనన రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా పద్నాలుగో నంబరు సీటు ఆయనది. నేను ఆయన వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. రిజిస్టర్లకున్న తుప్పు పిన్నులు పీకి, మడతపడ్డ మూలలు సాపు చేసి, టైపు చేసేవాళ్ళకు అందించడం నా పని. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. ఈ పని కూడా మావయ్య అడిగితేనే ఇచ్చారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. పిన్నులు పీకడానికి గొంతుతో పనిలేదు, కళ్ళుంటే చాలు. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా నేను చూసిందే, ఒకరు చెప్పగా విన్నది కాదు.

వేళ్ళు పోయినప్పుడు అందరూ తలో సలహా ఇచ్చారు. సెలవు పెట్టమన్నారు కొందరు. నోటితో చెబితే అదే టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు ఉంది కదా అన్నారు ఇంకొందరు. నలభైమంది కూర్చున్న హాల్లో, సిరా పాలిపోయిన వందేళ్ళనాటి పేర్లు ఆయన పొద్దస్తమానం గట్టిగా చదువుతూ ఉంటే మిగతా ముప్పై తొమ్మిదిమందీ ఏం కావాలి? మావయ్య ఎవరితోనూ వాదించలేదు. సెలవురోజుల్లో ఇంట్లో ముందుగదిలో కూర్చుని తనకు కావలసింది తనే చేసుకున్నాడు.

చూడ్డానికి అది పెద్ద వస్తువేం కాదు. పీటంత చెక్క. దాని మీద నాలుగు కాలింగ్ బెల్ బటన్లు, మణికట్టు దగ్గరి కండతో నొక్కేటంత పెద్దవి. కింద కాళ్ళకు రెండు కుట్టుమిషను పెడళ్ళు. మొత్తం ఆరు మీటలు. ఏవేవి కలిపి నొక్కితే ఏ అక్షరమో ఒక పట్టీ గీయించి గోడమీద అద్దం పక్కన అంటించుకున్నాడు. గీసింది నేనే, చెప్పింది ఆయన. పొద్దున్నే తల దువ్వించుకుంటూ అద్దంలోకి కాకుండా ఆ పట్టీలోకి చూసేవాడు.

ఒక పెడలు మా అత్తయ్య మిషనుది. "నా జాకెట్లు ఎవరు కుడతారు మరి?" అంది అత్తయ్య.

"నువ్వే కుట్టు. కుడి కాలిది నీకు ఆదివారం ఇస్తాలే."

"కాలు కూడా వాటాకొచ్చిందన్నమాట."

చెక్క, బటన్లు సరే. ఆ బటన్లు నొక్కితే కంప్యూటరుకు ఏం తెలుస్తుంది? అక్కడే ఉంది ఆయన తెలివంతా. నాకు అర్థమయ్యేటట్టు ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగేవాడు.

"కంప్యూటరు కూడా మన ఆఫీసులాంటిదే అమ్మాయ్. లోపల ఒక గది ఉంటుంది. మనం రాసే ప్రోగ్రాములకి అక్కడ ప్రవేశం లేదు, అవన్నీ బయట హాల్లోనే కూర్చోవాలి. కానీ లోపలి గదికి ఒక కిటికీ ఉంది. నా ప్రోగ్రాము ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, 'అయ్యా, నేనొక కీబోర్డుని. నా పేరు ఫలానా. నా దగ్గర ఈ ఈ మీటలున్నాయి' అని చీటీ ఇస్తుంది. లోపలివాళ్ళు పుస్తకంలో ఎక్కించుకుంటారు. అంతే. ఆ తర్వాత అది ఏ మీట నొక్కానంటే ఆ మీట నొక్కినట్టే లెక్క."

"నిజంగా కీబోర్డు ఉందో లేదో లేచొచ్చి చూడరా?"

"చూడరు. చీటీ సరిగ్గా ఉంటే చాలు. ఏ ఆఫీసులోనైనా లోపలి గదులు అంతే."

ఆ లేని కీబోర్డుకు 'ఉత్తుత్తి' అని పేరు పెట్టాడు. మొదటిసారి ఒక బటను నొక్కగానే తెరమీద ఒకే అక్షరం వరసపెట్టి పరుగెత్తింది. లైను నిండింది, పేజీ నిండింది, ఆగలేదు.

"ఏమైంది దానికి, నత్తి పట్టుకుందా?" అంది అత్తయ్య వంటగదిలోంచి వచ్చి చూసి.

"నత్తి కాదే. నొక్కానని ఒక చీటీ ఇవ్వాలి, ఎత్తానని ఇంకో చీటీ ఇవ్వాలి. రెండోది మర్చిపోయాను. వేలు ఇంకా మీట మీదే ఉందనుకుంటోంది అది."

"వేలుంటేగా ఎత్తడానికి" అనేసి అత్తయ్య నాలిక్కరుచుకుంది. మావయ్య నవ్విన నవ్వుకు గ్లాసులో టీ లుంగీ మీదికి ఒలికింది.

నాలుగు నెలలకు ఆయన చేతులూ కాళ్ళూ కలిపి మాలో చాలామంది కన్నా వేగంగా టైపు చేసేవాడు. సాయంత్రానికి చీలమండలు వాచేవి. అత్తయ్య వేడినీళ్ళ బకెట్టు తెచ్చి కాళ్ళ ముందు పెట్టేది. ఆ వాపు నేను రోజూ చూశాను కాబట్టే తర్వాత ఒకడన్న మాట నేను మర్చిపోలేకపోతున్నాను.

ఇంట్లో కంప్యూటరు సొంతం కాబట్టి ఆ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆఫీసులో మాత్రం దానికి తాళం. ఏ సీటుకు తెరవాలన్నా మా సూపర్‌వైజరు ఒప్పుకోవాలి. ఆయన్ను మేమంతా గడియారం అంటాం. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో చెప్పడంలో ఆయనకు సాటి లేదు. తను మాత్రం పదింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి కనిపించేవాడు. మధ్యలో వీధి మలుపులో ఉన్న బావమరిది జిరాక్సు షాపులో ఉండేవాడు. జిగురు సీసా కొనడానికి వెళ్ళి నేనే రెండుసార్లు చూశాను, కౌంటరు వెనక కూర్చుని కాగితాలు లెక్కపెడుతున్నాడు.

మా కంప్యూటర్లలో ఒక కాపలా ప్రోగ్రాము ఉంది. ఐదు నిమిషాలు మీట నొక్కకుండా, మౌసు కదపకుండా ఉంటే హెడ్డాఫీసులో ఆ సీటు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మూడు చుక్కలకు పూట సెలవు పోతుంది. గడియారం సీటుకూ అది తప్పలేదు. అందుకని మావయ్య చెక్కా పెడళ్ళూ తీసుకుని అనుమతి అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. చెక్క మోసుకెళ్ళింది నేనే, అక్కడే నిలబడి ఉన్నాను.

"మాస్టారూ, లేని కీబోర్డు చేసినవారు లేని మౌసు చేయలేరా?"

"మీకెందుకు సార్? మీ చేతులు బాగానే ఉన్నాయిగా."

"చేతులు బాగానే ఉన్నాయి. కూర్చోవడానికే తీరిక లేదు. దానంతటది అటూ ఇటూ కదులుతూ ఉండాలి, అంతే. మీది నేను తెరుస్తాను, నాది మీరు చేస్తారు."

మావయ్య రెండు రోజులు దాటేశాడు. ఆ తర్వాత చేశాడు. అది తప్పేనని ఆయనే నాతో అన్నాడు. కానీ ఆయన పని చేసుకోవడానికి కావలసిన అనుమతి, ఇంకొకడు పని ఎగ్గొట్టడానికి కావలసిన వస్తువుతో ముడిపెట్టిందెవరు? అనుమతి కాగితం మీద ఇవ్వలేదు కూడా, నోటిమాటే.

ఆ రోజునుంచి గడియారం కుర్చీకి స్వెట్టరు తగిలించి ఉండేది. తెరమీద బాణం గుర్తు దారి తప్పిన చీమలాగా తిరుగుతూ ఉండేది. పదిహేనో నంబరు సీటావిడ నా చెవిలో అంది: "మీ మావయ్య లేని కీబోర్డుతో ఉన్న పని చేస్తున్నాడు, ఈయనేమో లేని మౌసుతో లేని పని చేస్తున్నాడు."

పొరపాటు మావయ్య వైపు నుంచీ జరిగింది. అది దాచిపెట్టి రాస్తే నాకూ గడియారానికీ తేడా ఉండదు. కిటికీలో చీటీ ఇచ్చాక, కొత్త కీబోర్డు వచ్చిందన్న సంగతి హాలంతటికీ తెలియడానికి ఒక్క క్షణం పడుతుంది. ఈలోగా టైపు చేస్తే మొదటి మీట గాల్లో కలిసిపోతుంది. ఇంటి కంప్యూటరుకు అర సెకను చాలింది, ప్రోగ్రాములో అంతే పెట్టాడు. ఆఫీసువి ముసలి కంప్యూటర్లు. వాటికి ఇంకా ఎక్కువ కావాలి. మేం పొద్దున్నే మొట్టమొదట కొట్టేది రిజిస్టరు పేజీ నంబరు. అందులో మొదటి అంకె రోజూ పోతూ వచ్చింది. పన్నెండు వందల ఏడో పేజీ రెండు వందల ఏడైంది. రోజుకొక్క నమోదు చొప్పున పదకొండు రోజులు ఎవరూ గమనించలేదు.

పన్నెండో రోజు ఒక పెద్దావిడ పింఛను కోసం జనన పత్రం కావాలని వచ్చింది. కౌంటరులో గుమాస్తా మూడుసార్లు వెతికి, "మీరు పుట్టినట్టు రికార్డు లేదండీ" అన్నాడు.

"పుట్టకుండానే రెండు బస్సులు మారి ఇంతదూరం వచ్చానా నాయనా?" అంది ఆవిడ.

ఆ మాట హాల్లోకి వినిపించింది. మావయ్య లేచి వెళ్ళి ఆవిడ పుట్టిన సంవత్సరం అడిగి, రిజిస్టరు తెప్పించి, పది నిమిషాల్లో తన తప్పు తనే పట్టుకున్నాడు. ఆవిడ పత్రం ఇప్పించి క్షమించమన్నాడు. ఆ సాయంత్రం కూర్చుని పదకొండూ దిద్దాడు. ప్రోగ్రాము మూడు సెకన్లు ఆగేటట్టు మార్చాడు. జరిగిందంతా ఒక ఉత్తరంగా టైపు చేసి గడియారం చేతికిచ్చాడు. గడియారం దాన్ని చదవకుండా పై సొరుగులో పడేయడం నా కళ్ళతో చూశాను.

ఆవిడ కొడుకు హెడ్డాఫీసుకు ఫిర్యాదు రాశాడు. ఆయన్ను అనడానికేం లేదు, తల్లి పుట్టలేదంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. తర్వాతి నెలలో తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఏం చేయాలన్నా ముందు నియమం ఏమంటుందో చూస్తాడు. అద్దాల గదిలో కూర్చుని మావయ్యనూ గడియారాన్నీ పిలిచాడు. చెక్కా పెడళ్ళూ పట్టుకుని నేనూ లోపలికి వెళ్ళాను.

"నాకీ కంప్యూటర్ల లోపలి సంగతులు తెలియవు సార్" అన్నాడు గడియారం. "ఇతను ఏదో దొంగ కీబోర్డు పెట్టుకున్నాడు. అది దానంతటదే టైపు చేస్తుంది. ఇతను కాళ్ళూపుకుంటూ కూర్చుంటాడు."

కాళ్ళూపుకుంటూ. అదీ ఆయనన్న మాట. మొన్నటిదాకా మాస్టారూ అన్న నోరు అది.

అధికారి మావయ్య వైపు తిరిగాడు. "పదకొండు తప్పులూ మీవేనా?"

"నావే సార్. దిద్దాను. రాసి కూడా ఇచ్చాను."

"ఎవరికి?"

మావయ్య గడియారం వైపు చూశాడు. "నాకేం అందలేదు సార్" అన్నాడు గడియారం.

పై సొరుగు అనే రెండు మాటలు నా నాలుక చివర ఉన్నాయి. నా నోరు మాత్రం తెరుచుకోలేదు. గడియారం మీద నాకున్న కోపంలో కొంత నా మీద కూడా ఉంది, ఇప్పటికీ.

అధికారి తన ల్యాప్‌టాప్‌లో జాబితా చదివాడు. "నలభై సీట్లకి నలభై ఒక్క కీబోర్డులు. ఆ ఎక్కువది పద్నాలుగో సీటుది. సరే. మౌసులు కూడా నలభై ఒకటి ఉన్నాయే. ఆ ఎక్కువది మీ సీట్లో ఉంది" అన్నాడు గడియారంతో.

"అదీ ఇతనే నాకు తెలియకుండా పెట్టి ఉంటాడు సార్" అన్నాడు గడియారం.

"చేసింది నేనే సార్" అన్నాడు మావయ్య. ఎవరడిగితే చేశాడో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆయన పద్ధతి అది, నాకు నచ్చదు.

అధికారి గడియారాన్ని అడిగాడు: "పోయిన మంగళవారం పదకొండు నుంచి మూడు దాకా ఎక్కడున్నారు?"

"సీట్లోనే సార్. కావాలంటే రికార్డు చూడండి, నా మౌసు కదులుతూనే ఉంటుంది."

"అవును, కదులుతూనే ఉంది" అని అధికారి ల్యాప్‌టాప్‌ ఆయన వైపు తిప్పాడు. "ఇప్పుడు కూడా కదులుతోంది. మీరేమో నా ఎదురుగా ఉన్నారు."

అద్దం అవతల పదిహేనో నంబరావిడ నవ్వును దగ్గులోకి మార్చుకుంది.

ఇక న్యాయం జరిగిపోయిందని అనుకున్నాను. ఏం జరిగిందో చెబుతాను. గడియారాన్ని సమయపాలన మీద శిక్షణ కోసం రెండు వారాలు హెడ్డాఫీసుకు పంపారు. పూర్తిచేసినట్టు సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించాడు. మావయ్య చెక్కనూ పెడళ్ళనూ అనుమతి లేని పరికరాలని రాసి, స్టోరుగదిలో పెట్టి తాళం వేశారు. ఆయన్ను సీట్లోంచి లేపి నా బల్ల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. అరవై రోజులు పని చూపించకపోతే ఉద్యోగంలోంచి తీసేయవచ్చని నియమం. పని ఎగ్గొట్టినవాడు కుర్చీలో ఉన్నాడు, పని చేస్తానన్నవాడు బెంచీ మీద ఉన్నాడు. మిగతావాళ్ళమంతా చూస్తూ రిజిస్టర్లు తిప్పుకున్నాం.

ఇరవై రెండో రోజున హెడ్డాఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది, ప్రత్యేక పరికరానికి దరఖాస్తు. పదకొండు గడులు. అడుగున చిన్న అక్షరాల్లో, దరఖాస్తుదారు స్వదస్తూరితో, తనిఖీ అధికారి సమక్షంలో నింపవలెను అని ఉంది. మర్నాడు పదిన్నరకు ఆ అధికారి వచ్చి అద్దాల గదిలో కూర్చున్నాడు.

"మా అమ్మాయి రాస్తుంది సార్, గుండ్రంగా రాస్తుంది" అన్నాడు మావయ్య.

"నియమం ఒప్పుకోదండీ. ఒకరి బదులు ఇంకొకరు రాసిన కేసులు ఇదివరకు జరిగాయి."

"పోనీ టైపు చేసి ఇస్తాను."

"దేనితో? దానికింకా అనుమతి రాలేదు కదా."

అధికారి వెటకారంగా అనలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. చేతులు పనిచేయవని చేత్తో రాసి ఇమ్మనడంలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు.

మావయ్య నా వైపు చూశాడు. నేను పెన్ను తీసి ఆయన రెండు అరచేతుల మధ్య పెట్టాను. కాగితం జారకుండా నాలుగు మూలలా బరువులు పెట్టాను. అంతవరకూ నియమం ఒప్పుకుంది. ఆయన భుజాలు కదిలించి రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం అగ్గిపెట్టంత వచ్చింది. మొదటి గడిలో పేరు పట్టలేదు, పక్క ఖాళీలోకి వెళ్ళింది. పేరు రాయడానికే పావుగంట పట్టింది. చెమట ముక్కుమీదికి దిగితే భుజానికి తుడుచుకున్నాడు.

మూడో గడి దగ్గర అధికారి ఫోను మోగింది. ఆయన లేచి బయటికి వెళ్ళబోయాడు. మావయ్య పెన్ను ఆపేశాడు.

"రాస్తూ ఉండండి, వచ్చేస్తాను" అన్నాడు అధికారి.

"సమక్షంలో అని ఉంది సార్. మీరు వచ్చాకే రాస్తాను."

అధికారి నిలబడి ఒకసారి ఫోను వంక, ఒకసారి ఫారం వంక చూశాడు. ఫోను కట్టేసి కూర్చున్నాడు.

ఆరో గడి, అవసరానికి కారణం. మావయ్య అందులో 'వేళ్ళు' అని రాసి, ఊపిరి పీల్చుకుని, 'పనిచేయవు' అని మొదలుపెట్టాడు. రెండుసార్లు పెన్ను జారి కింద పడింది. రెండుసార్లూ తీసి ఇచ్చాను. పన్నెండు దాటింది. అధికారి కుర్చీలో ఇటు కదిలి అటు కదిలి, చివరకు చేయి చాచాడు.

"ఇలా ఇవ్వండి. మిగతావి నేను నింపుతానులెండి. ఎవరికీ చెప్పను."

"వద్దు సార్. రేపు ఎవరైనా వచ్చి ఇది ఎవరి దస్తూరి అంటే? ఒకసారి నోటిమాట అనుమతి నమ్మి బెంచీ ఎక్కాను. ఇది నియమం ప్రకారమే కానివ్వండి."

అధికారి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మావయ్య చేతులవంకే చూస్తూ కూర్చున్నాడు. అంతకుముందు ఫారం వంక చూశాడు, నియమం వంక చూశాడు, చేతులవంక చూడ్డం అదే మొదలు.

పదకొండో గడి నిండేసరికి ఒకటింపావైంది. అధికారి అక్కడికక్కడే సంతకం పెట్టి ముద్ర వేశాడు. "రేపటినుంచి మీ సీట్లో కూర్చోవచ్చు. మీ పరికరం స్టోరులోంచి తెచ్చుకోండి" అన్నాడు. గొంతులో కాస్త మెత్తదనం వచ్చింది. "అనుమతి ఏడాదికి."

"ఏడాది తర్వాత?" అని అడిగాడు మావయ్య.

"మళ్ళీ ఇదే ఫారం."

డాక్టరు మాట నాకు గుర్తొచ్చింది. ఆ చేతులు ఏడాదికేడాది ముడుచుకునేవే తప్ప విచ్చుకునేవి కావు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"వచ్చే ఏటికి ఈ మాత్రం కూడా రాయలేకపోతే సార్?"

అధికారి నా వైపు చూశాడు. నేను మాట్లాడతానని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "అప్పుడు ఈ నియమం మార్చమని పైవాళ్ళకి అర్జీ పెట్టుకోవాలమ్మా."

"టైపు చేసి పెట్టవచ్చా?"

"అర్జీలు కూడా..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడింది. బ్యాగులోంచి అప్పుడే తీసిన టిఫిను డబ్బా మూత సగం తీసి ఉంది.

మావయ్య రెండు అరచేతులూ ఒకదానికొకటి రుద్దుకుని కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"అయితే ఈ చేతులు కాస్త కదులుతుండగానే రాసేస్తాను సార్. ఇంకో తెల్లకాగితం ఇప్పించండి. మీరు కూర్చోండి."

అధికారి డబ్బా మూత పెట్టేశాడు.